బొట్టు పెట్టిన ఫ్లాపీ

మా ఇంజనీరు గారి ఆఫీసులో కంప్యూటరు గదిలోకి వెళ్ళాలంటే చెప్పులు బయట విప్పాలి. ఎనభైల చివరి మాట ఇది. నరసరావుపేటలో అప్పటికి కంప్యూటరు మొహం చూసినవాళ్ళే తక్కువ. ఇళ్ళకి ప్లాన్లు గీసి మునిసిపాలిటీలో పాస్ చేయించే మా సారు, అందరికంటే ముందుండాలన్న దుగ్ధతో హైదరాబాదు నుంచి దాన్ని తెప్పించి తన ఇంటి ముందు గదిలో పెట్టారు. కిటికీలకు పరదాలు వేయించారు. ఇంట్లో పడగ్గదికి లేని ఏసీ దానికి పెట్టించారు. పని అయిపోగానే దాని మీద కవరు కప్పేవారు. లోపల గట్టిగా మాట్లాడితే ఆయనకు కోపం. నేను ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేసి ఆయన దగ్గర ట్రేసింగు పనికి చేరాను. ఆ పెట్టె వచ్చాక దాని ముందు కూర్చోవటం కూడా నా పనే అయింది, ఎందుకంటే సారు ఒంటి వేలితో మీటలు వెతుక్కుంటూ పావుగంటకో గీత గీసేవారు.

సారు వాళ్ళమ్మగారు వెనక ఇంట్లోనే ఉండేవారు. అందరం ఆమెను మామ్మగారు అనేవాళ్ళం. ఆమె ఆ గది గుమ్మం బయటే నిలబడి, లోపలికి తొంగి చూసి, చెంపలు వేసుకునేవారు.

“ఎందుకు మామ్మగారూ, అది మిషను. దేవుడు కాదు” అన్నాను ఒకసారి.

“చెప్పులు బయట విప్పిస్తారు. లోపల చల్లగా ఉంటది. మాట్లాడబోతే ఉష్ మంటారు. నా కొడుకు గుడ్డ కప్పి గానీ నిద్రపోడు. గుడి కాక ఏంది మరి?” అన్నారామె.

నేను నవ్వేశాను. ఆ మాటని ఆ రోజే కాస్త గట్టిగా పట్టించుకొని ఉంటే ఇంత కథ జరిగేదే కాదు.

ఆ ఏడు వేసవిలో మాకో పని వచ్చింది. రెంటచింతల దగ్గర ఒక పల్లెలో క్రైస్తవుల పాత గుడి ఉంది. నల్లరేగడి నేల కదా, ఎండకి పగులుతుంది, వానకి ఉబ్బుతుంది. గోడలు నిలువునా చీలాయి. పడగొట్టి కొత్తది కట్టక తప్పదు. కానీ ముందున్న రాతి ద్వారం మాత్రం అట్లాగే కావాలని ఊరు ఊరంతా పట్టుబట్టింది. రాళ్ళని కమానుగా పేర్చి, పైన ద్రాక్షతీగ చెక్కిన పట్టీ పెట్టిన ద్వారం అది. దాన్ని రాయి రాయిగా విప్పి, కొత్త గుడికి మళ్ళీ అదే వరసలో అమర్చాలి. ఆ వరస అంతా కంప్యూటర్‌లో గీసి పెడతామని మా సారు ఫాదర్ గారితో గొప్పగా చెప్పి వచ్చారు.

రోహిణికి రోళ్ళు పగులుతాయంటారు గానీ, ఆ ఊళ్ళో రోహిణి దాకా ఆగక్కర్లేదు. తలకి తడిగుడ్డ కట్టుకొని, టేపు పట్టుకొని నేను నిచ్చెన ఎక్కుతుంటే, ఊళ్ళో ఒక తాత వచ్చి కింద నిలబడ్డాడు. ఆ రాళ్ళని ఆయన తాత ఎద్దులబండి మీద తోలుకొచ్చాడట. ఆయన మా సారుని అడగలేదు, నన్నే అడిగాడు.

“అమ్మాయ్, విప్పటానిదేముంది, మా కుర్రోళ్ళు కూడా విప్పుతారు. మళ్ళా ఏ రాయి ఏడ పెట్టాల్నో ఎవురు చెప్తారు?”

సారు నా వైపు చూశారు. నాకు అప్పట్లో నోటికి ముందూ వెనకా లేదు. ఇప్పుడు మాత్రం ఉందా అంటే మా ఇంట్లోవాళ్ళు ఒప్పుకోరు.

“నేను చెప్తా తాతా. నాదీ పూచీ. ఒక్క రాయి పక్కకి పోదు. పోతే మీ ఊరొచ్చి నీ ముందు నిలబడతా” అన్నాను.

“మాట గదా?”

“మాటే.”

దాంతో ఆయన పక్కకి తప్పుకున్నాడు. ఏ వైపుది ముందు వదులైతే అది, రాళ్ళు ఒక్కొక్కటే దిగాయి. దిగిన వరసలో ప్రతి రాయి వీపు మీద తెల్ల పెయింటుతో అంకె వేసి, దాని చోటు కాగితం మీద రాసుకున్నాం. ఇక్కడ ఒక సంగతి తెలియాలి. రాయి మీద అంకె అది ఏ రాయో చెబుతుంది గానీ ఎక్కడ ఉండాలో చెప్పదు. అది చెప్పేది బొమ్మే. కమాను రాళ్ళన్నీ చూడ్డానికి ఒకే తీరు, కొలిస్తే మాత్రం ఒకదానికీ ఇంకోదానికీ వేలి మందం తేడా. ఒకటి మారితే చివర కమాను నెత్తిన పెట్టే మధ్యరాయి కూర్చోదు. బొమ్మ పోతే ద్వారం పోయినట్టే, మిగిలేది రాళ్ళకుప్ప.

పేటకి వచ్చి నెలలు కూర్చొని ఆ ద్వారాన్ని గీశాను. మా కంప్యూటరులో దాచుకోవటానికి లోపల చోటు ఉండేది కాదు. పని అంతా ఫ్లాపీల మీదే. ఇప్పటి పిల్లలకి చెప్పాలంటే, నల్లటి చదరపు అట్ట, అరచేతి కంటే కాస్త పెద్దది. మధ్యలో గుండ్రటి కన్నం, కింద కోలగా చిన్న కిటికీ, ఆ కిటికీలోంచి లోపలి పల్చటి చక్రం కనబడుతుంది. బొమ్మ ఉండేది ఆ చక్రం మీదే, దానికి వేలు కూడా తగలకూడదు. నేను జాగ్రత్తపరురాలినే. ఒక ఫ్లాపీలో బొమ్మ, ఇంకో ఫ్లాపీలో దాని నకలు. రెండూ ఒకే డబ్బాలో. పెద్ద కాగితం మీద అచ్చు తీసే మిషను విజయవాడలోనే ఉండేది. దసరా వెళ్ళగానే పోయి తీయించుకొద్దామని సారు అన్నారు. ఆయన భార్యాపిల్లలతో అత్తగారింటికి వెళ్ళారు. నేను గురజాలలో మా ఇంటికి వెళ్ళాను. మామ్మగారు పేటలోనే ఉండిపోయారు.

పండగ అయ్యాక నేను వచ్చేసరికి సారు ఫ్లాపీ పెట్టి మిషను ఆన్ చేసి ఉన్నారు. లోపల కరకరమని చప్పుడు. చదవలేకపోతున్నానని తెర మీద పడింది. ఆయన ఫ్లాపీ బయటికి లాగి చూశారు. ఆ కోల కిటికీలో, సరిగ్గా నడిమధ్యన, పసుపు. దాని మీద కుంకం. గీసుకుపోయి అలికినట్టు ఉంది. గబగబా నకలు తీశారు. దానికీ పసుపూ కుంకమే, ఇంకాస్త ధారాళంగా.

“అమ్మా!” అని సారు వేసిన కేక వీధి చివర్న కిళ్ళీకొట్టు దాకా వినబడి ఉంటుంది.

మామ్మగారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు. “ఏందిరా ఆ అరుపు? ఆయుధపూజ గదా. నువ్వు ఊళ్ళో లేవు. నీ ఆయుధాలకి నేను గాక ఎవరు చేస్తారు? టీ స్కేలుకి పెట్టా. కంపాసు పెట్టెకి పెట్టా. ఆ టీవీకి పెట్టా. ఈ నల్ల పలకలకి మాత్రం పెట్టకుండా ఎట్టా ఉంటా?”

“పైన కాగితం కవరుందిగా! దాని మీద పెట్టొచ్చుగా!”

“కవరుకి పెడితే కవరుకే అందుద్ది. బొట్టు మనిషికి పెడతామా, చొక్కాకి పెడతామా?”

సారు తల పట్టుకున్నారు. నాకింకా ఒక ఆశ ఉంది. గుడి దగ్గర నేను కొలతలు రాసుకొచ్చిన కాగితాలు బీరువా పక్కన మూలన కట్టగట్టి పెట్టాను. పరిగెత్తి చూస్తే మూల అద్దంలా ఉంది. పండగ బూజు దులుపుడులో మామ్మగారు వాటిని పాతపేపర్లవాడికి వేసి ఉల్లిపాయలు తీసుకున్నారు. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే ఏమిటో నాకు ఆ పూట తెలిసింది. పాతపేపర్ల కొట్టుకి వెళ్ళి గోనెలన్నీ బోర్లించి వెతికాను. ఆ కట్ట అప్పటికే బజ్జీల బండ్లకి వెళ్ళిపోయింది.

అబద్ధమెందుకు, ఆ ముసలామె మీద నాకు చంపేద్దామన్నంత కోపం వచ్చింది. దానితో పాటే ఏడుపూ వచ్చింది. కళ్ళు మూసుకుంటే నిచ్చెన కింద నిలబడ్డ తాతే కనబడుతున్నాడు. ఒక్క రాయి పక్కకి పోదని అన్నది నేనే. ఇప్పుడు ఆ ఊరెళ్ళి ఆయన ముందు నిలబడి ఏం చెప్పను? మీ తాత తోలుకొచ్చిన గుడికి మా మామ్మగారు బొట్టు పెట్టింది, పోయింది అని చెప్పనా?

రెండు రోజులకి సారు కంప్యూటరు అమ్మినాయనకి ట్రంకాల్ చేశారు. ఆయన అవతల పకపకా నవ్వి, అవి చెత్తబుట్టలో వేసి కొత్త డబ్బా కొనుక్కోమన్నాడట. సారు ఫోను పెట్టేసి మెల్లిగా అన్నారు, “పోనీలేమ్మా. రాళ్ళే గదా. కుదిరినట్టు పెట్టించేద్దాం. ఎవరికి తెలుస్తుంది?”

“నాకు తెలుస్తుంది సార్. ఆ తాతకి తెలుస్తుంది. మధ్యరాయి కూర్చోకపోతే ఊరందరికీ తెలుస్తుంది” అన్నాను. గట్టిగానే అన్నాను. ఉద్యోగం పోతుందేమో అన్న భయం కూడా తట్టలేదు. సారు లేచి వెళ్ళిపోయారు.

ఒక్కదాన్నే ఆ గదిలో కూర్చొని ఫ్లాపీని తిప్పి తిప్పి చూశాను. మా ఇంట్లో టేపురికార్డరు క్యాసెట్టు పగిలితే, స్క్రూలు విప్పి, లోపలి టేపుని ఇంకో పెట్టెలోకి మార్చేవాళ్ళం. ఒకసారి మా చెల్లెలు దాని మీద కాఫీ పోస్తే తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాం. కాస్త గరగరమన్నా పాట మాత్రం పోలేదు. ఇది కూడా అట్లాంటి పూతే కదా, చుట్టాల్సింది పోయి గుండ్రంగా కత్తిరించారు అంతే అనిపించింది. దింపుడుకళ్ళం ఆశ అంటారే, అదే. అయినా అసలు దాని మీద చెయ్యి వేయటానికి ధైర్యం చాల్లేదు. ముందు ఒక కొత్త ఫ్లాపీ మీద ప్రయోగం చేద్దామనుకున్నాను. దాంట్లో ఉత్తుత్తి బొమ్మ ఒకటి దాచి, పట్టుకొని వంటింట్లోకి వెళ్ళాను.

మామ్మగారు పీట మీద కూర్చొని ఉన్నారు. ముందు కంచంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. తిట్లు తిన్న రోజు నుంచీ అంతేనని సారు భార్య చెప్పారు. కంప్యూటరు గది వైపు నుంచి నడవటం కూడా మానేసి, పెరటి దోవన చుట్టూ తిరిగి వెళుతున్నారట.

“మామ్మగారూ, దీనికి కూడా అట్లాగే ఒక బొట్టు పెట్టండి” అన్నాను.

ఆమె బిత్తరపోయారు. “ఏమే పిల్లా, ఎగతాళా? చేసిన పాపం చాల్లేదా? నేను ముట్టుకోను.”

“మీ చెయ్యే కావాలి. అదే పసుపు, అదే కుంకం, అంతే తడి. దీన్ని కడిగి చూసి, మరక పోతే గానీ అసలుదాని జోలికి వెళ్ళను.”

“కడిగితే వచ్చుద్దా?”

“తెలీదు. పెట్టండి ముందు.”

ఆమె లేచి పసుపూ కుంకం తెచ్చారు. అట్లాగే ఒక బొట్టు పెట్టారు. ఆరనిచ్చి, బ్లేడుతో అట్ట అంచు చీల్చి, లోపలి చక్రం బయటికి తీశాను. సబ్బునురగ కలిపిన నీళ్ళలో ముంచి, దూదితో ఒత్తకుండా తుడిచి, కారు బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాను. ఆరబెట్టటానికి మామ్మగారు పాలు వడకట్టే పల్చటి గుడ్డ తెచ్చి కప్పారు. చక్రాన్ని ఇంకో కొత్త ఫ్లాపీ అట్టలో దూర్చి మిషన్లో పెట్టాను. ఉత్తుత్తి బొమ్మ తెర మీదకి వచ్చింది. అప్పుడు సారుని పిలిచాను. ఆయన తెర వంక చూసి, “అసలుది కానియ్యమ్మా” అన్నారు. మిషను నోట్లో కుంకం ఉండిపోయి ఉంటుందని తనే స్పిరిటూ దూదీ తెప్పించి లోపలంతా శుభ్రం చేశారు.

మొదటి ఫ్లాపీ ఫలించలేదు. ఎంత కడిగినా మిషన్లో తిరిగిన గీతలు దాని మీద అట్లాగే పడి ఉన్నాయి. సగం దాకా చదివి, ఇంక నా వల్ల కాదంది. నకలు మిగిలింది. దానికి బొట్టు ఎక్కువ పడింది గానీ, అదృష్టం ఏమిటంటే సారు దాన్ని మిషన్లో పెట్టలేదు, గీసుకుపోలేదు. కడిగాను. పసుపు మరక పూర్తిగా పోలేదు. పసుపు ఏ గుడ్డ మీద పడితే పోయింది గనక! మర్నాడు పొద్దున కరెంటు వచ్చిన వెంటనే దాన్ని పెట్టి, బొమ్మని కొత్త ఫ్లాపీలోకి కాపీ చేయమన్నాం. కరెంటు పోకుండా ఉండాలని నేను ఏ దేవుళ్ళకి మొక్కానో నాకే గుర్తులేదు. మిషను ఆగింది. మళ్ళీ తిరిగింది. మళ్ళీ ఆగింది. తెర మీద ఒక్క ముక్క పడింది, ఫైలు కాపీ అయిందని.

ఆ రోజుల్లో బొమ్మ ఒక్కసారిగా వచ్చేది కాదు, గీత గీతగా వచ్చేది. ముందు గడప గీత పడింది. తరవాత రెండు వైపులా స్తంభాలు లేచాయి. కమాను రాళ్ళు ఒక్కొక్కటే వంపు తిరుగుతూ పైకి పోయాయి. ప్రతి రాయిలోనూ దాని అంకె. మధ్యరాయి పడ్డాక నేను కుర్చీలో వెనక్కి వాలి హమ్మయ్య అన్నాను. ఆ మాట లోపలెక్కడినుంచో వచ్చింది. 

“వచ్చిందా?” అన్నారు మామ్మగారు గుమ్మం అవతల నుంచి.

“వచ్చింది మామ్మగారూ! అంతా వచ్చింది!”

ఆమె అక్కడే కూలబడ్డారు. అయినా మొహం తేటపడలేదు. “బొమ్మ వచ్చింది, సరే. గుడి నిలబడొద్దూ?” అన్నారు.

నేను ఆ పూటే తెర మీద ట్రేసింగు కాగితం ఆనించి, ముక్క ముక్కగా పెన్సిలుతో ద్వారమంతా దించుకున్నాను. కాపీ ఉందిగా, ఇదెందుకమ్మా అన్నారు సారు. నా తృప్తికి సార్ అన్నాను. విజయవాడ వెళ్ళి పెద్ద కాగితం మీద అచ్చు తీయించాం. ఫ్లాపీకి ఇంకా నకళ్ళు తీశాం. ఒకటి ఆఫీసులో, ఒకటి గురజాలలో మా ఇంట్లో, ఒకటి ఫాదర్ గారి బీరువాలో. మళ్ళీ ఎప్పుడూ అన్నీ ఒకే డబ్బాలో పెట్టలేదు. ఆ తరవాత ఆ పెద్ద ఫ్లాపీలు పోయి చిన్నవి వచ్చాయి, అవీ పోయి సీడీలు వచ్చాయి. ఒకటి పోయి ఇంకోటి వచ్చిన ప్రతిసారీ నేను ఆ బొమ్మని కొత్తదాంట్లోకి ఎక్కించుకుంటూనే వచ్చాను. బొమ్మ గీసిన ప్రోగ్రాము కూడా ఇప్పుడు ఎక్కడా లేదు, అందుకని దాని వేషం కూడా రెండు మూడు సార్లు మార్చాల్సి వచ్చింది. ఒకసారి గీసి దాచేస్తే ఉండిపోతుందనుకుంటాం. ఉండదు, మొక్కకి నీళ్ళు పోసినట్టు చూసుకుంటూ ఉండాలి. ట్రేసింగు కాగితం మాత్రం ఏ వేషమూ మార్చకుండా ఇప్పటికీ చదవనిస్తుంది.

క్రిస్మస్ ముందు ద్వారం లేచింది. కమాను కింద ఆధారంగా పెట్టిన చెక్కల్ని తీసే రోజున మేము వెళ్ళాం. మామ్మగారు వస్తానని మొండికేశారు. సారు వద్దంటే, “నేను చూడకపోతే నాకు ముద్ద దిగదురా” అన్నారు. మాచర్ల బస్సులో వాంతులు చేసుకుంటూనే వచ్చారు.

అంకెలన్నీ బొమ్మలో ఉన్నట్టే పెట్టారు. మధ్యరాయి జారి కూర్చుంది. ఇక చెక్కలు తీస్తే రాళ్ళు వాటంతట అవే నిలబడాలి. కూలీలు చెక్కల కింది చీలలు కొట్టి ఊడదీస్తుంటే నేను చూడలేక వెనక్కి తిరిగాను. చెక్కలు కింద పడ్డ చప్పుడు వినబడింది. ఇంకే చప్పుడూ రాలేదు. తరవాత ఒక్కసారిగా ఊరంతా కేకలు, చప్పట్లు. తిరిగి చూస్తే ద్వారం నిలబడి ఉంది, కింద నుంచి పిల్లలు అటూ ఇటూ పరిగెడుతున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. దాచుకోలేదు కూడా, అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాను.

తాత ద్వారం కింద నుంచి లోపలికి వెళ్ళి, మళ్ళీ బయటికి వచ్చి, నా ముందు నిలబడ్డాడు. “మాట నిలబెట్టుకున్నావు గదమ్మా, ఏడుస్తావెందుకు?”

అప్పుడు చెప్పాను. పోయిందనుకున్న సంగతి, ఆ ఊళ్ళో ఎవరికీ తెలియకుండా రెండు నెలలు నేను మింగిన భయం, అన్నీ చెప్పాను. బొట్టు ఎవరు పెట్టారో మాత్రం చెప్పలేదు. మామ్మగారే ముందుకు వచ్చారు. కొంగు నిండుగా కప్పుకొని, తల దించుకొని, “పెద్దాయనా, ఆ పని చేసింది నేనే. తెలవక పసుపూ కుంకం పెట్టా. నీ గుడి పాడుచేయబోయా” అన్నారు.

తాత గుండె మీద చెయ్యి వేసుకొని, పక్కనున్న రాతి మీద కూర్చున్నాడు. ద్వారం వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు.

“పూజ చేసినావు గదమ్మా” అన్నాడు. “అందుకే నిలబడింది.”

నాకు ఒళ్ళు మండింది. బ్లేడు పట్టింది నేను, కడిగింది నేను, తిండీ నిద్రా మాని ఏడ్చింది నేను. సొమ్మొకడిది సోకొకడిది అని పైకే అనబోయాను. మామ్మగారు తల ఎత్తారు. దసరా నుంచీ ఆ మొహంలో నేను చూడని నవ్వు, పళ్ళు లేని నోరంతా తెరుచుకొని నవ్వారు.

“అంతే తాతా” అన్నాను. “ఆమె పూజే.”